శుక్రవారం మాట... శనివారం మూట!

శుక్రవారం సాయంత్రం ఏడున్నర. పంజాగుట్ట క్రాస్‌రోడ్స్‌లో బండికి బండి ఆనుకుని నిలబడి ఉంటుంది. నిమ్స్‌కు వెళ్లాల్సిన అంబులెన్సు కూత పెడుతూ అక్కడే ఆగిపోతుంది. ఫ్లైఓవర్ మీద హారన్లు, దానికి తోడు మెట్రో రైలు చప్పుడు. ఆఫీసు నుంచి ఇల్లు చేరడానికే గంటన్నర పట్టిన కుర్రాడు బూట్లు విప్పుతూనే ఫోను తీస్తాడు. అవతల అమీర్‌పేట హాస్టల్లో ఒకడు, ఎస్సార్ నగర్‌లో ఇంకొకడు, సోమాజిగూడలో మరొకడు.

"మామా, రేపు ఎటన్న పోదాంరా. ఇంకో వీకెండ్ ఇక్కడే ఉంటే పిచ్చెక్కేటట్టుంది."

"ఎటు పోదాం?"

"ఎటైనా సరే. నీళ్లుండాలె. సిగ్నల్ ఉండొద్దు."

"సిగ్నలంటే ట్రాఫిక్‌దా, ఫోన్‌దా?"

"రెండూ!"

అంతే. పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపు పుడుతుంది. దానికో పేరు, ఆ పేరు మీద అరగంట గొడవ. నలుగురిలో ఒకరి దగ్గర డేరా ఉండనే ఉంటుంది. ఎప్పుడో ఆన్‌లైన్‌లో మోజుపడి కొని, ఒక్కసారైనా సంచిలోంచి తీయనిది. ఇంకొకరి దగ్గర బ్యాటరీ లైటు. దుప్పట్లు మాత్రం అమ్మను అడగాలి. అసలు చిక్కు అక్కడే!

"రేపు పొద్దున ఫ్రెండ్స్‌తో పోతున్నానమ్మా. ఆదివారం సాయంత్రానికి వచ్చేస్తా."

"ఎవరెవర్రా? రాత్రి ఎక్కడ పడుకుంటారు? మరి తిండో?"

మూడు ప్రశ్నలు. మూడింటికీ జవాబులు ముందే తయారు. పేర్లు చెబుతాడు, డేరా చూపిస్తాడు, తిండికి ఢోకా లేదంటాడు. అమ్మ గొణుక్కుంటూనే పులిహోర కలుపుతుంది. నాన్న పేపరు వెనక నుంచి "బండి మెల్లగా నడపమను" అంటాడు. వాళ్లు వెళ్తున్నది నీళ్ల దగ్గరికి. ఆ నీళ్లు ఎలాంటివన్న నాలుగో ప్రశ్న మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తట్టదు.

నిజానికి ఇలా ఉన్నపళంగా బయల్దేరడంలో ఉన్న సుఖమే వేరు. నెల ముందు టికెట్లు కొని, సెలవు చీటీ పెట్టి, లెక్కలు వేసుకుని వెళ్లే ప్రయాణంలో సగం సరదా ఇంట్లోనే ఆవిరైపోతుంది. పైగా ఇదేమీ మనకు కొత్త కాదు. కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు చేసిన జాతి మనది. గంగాళాలు, గరిటెలు, చాపలు బండికెత్తి, ఊరంతా తోటకు తరలిపోయేవారు. తేడా ఒక్కటే. వాళ్లు పొద్దుగూకేలోపు ఇల్లు చేరేవారు. ఇప్పటివాళ్లు పొద్దుగూకడం కోసమే వెళ్తున్నారు. నగరంలో దొరకని వస్తువుల్లో చీకటి ఒకటి మరి!

పంజాగుట్టవాసులకు చెరువు కొరత అసలు లేదు. హుస్సేన్‌సాగర్ కూతవేటు దూరం. కాకపోతే అక్కడ డేరా వేస్తే గంటలోపే పోలీసులు లేపుతారు. పడమటికి వెళ్తే గండిపేట, హిమాయత్‌సాగర్. మూసీ 1908లో ఊరిని ముంచేశాక, మళ్లీ ఆ గతి పట్టకూడదని కట్టినవవి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. తరాలుగా హైదరాబాదీల పిక్నిక్కులన్నీ అక్కడే. ఇప్పుడు వాటి చుట్టూ కూడా నగరమే. అందుకే కుర్రకారు చూపు ఉత్తరానికి తిరిగింది. బాలానగర్, గండిమైసమ్మ దాటి మెదక్ దారి పడితే అరవై, డెబ్బై ఏళ్ల కిందటి గండిపేట ఎలా ఉండేదో చూపించే చోటొకటి ఉంది. దాని పేరు పోచారం.

హైదరాబాద్ నుంచి 115 కిలోమీటర్లు. నర్సాపూర్ అడవిలోకి రోడ్డు దూరగానే గాలి మారుతుంది. కారు అద్దం దించితే మాత్రం జాగ్రత్త, అక్కడి కోతులకు చిప్స్ ప్యాకెట్ల చప్పుడు బాగా తెలుసు. కౌడిపల్లి దాటాక మెదక్. దూరం నుంచే చర్చి గోపురం కనిపిస్తుంది. కరువు రోజుల్లో జనానికి పని, ఆ పనికి తిండి దొరకాలని పాస్నెట్ దొర మొదలుపెట్టించిన కట్టడమది. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది, ఈమధ్యనే నూరేళ్లు నిండాయి. అక్కడ కాసేపు కాళ్లు చాపి, మరో పదిహేను కిలోమీటర్లు వెళ్తే మెదక్, కామారెడ్డి జిల్లాల సరిహద్దులో పోచారం చెరువు.

చెరువనడం అలవాటే గానీ ఇదీ ప్రాజెక్టే. మంజీరలో కలిసే వాగుకు అడ్డంగా 1916లో మొదలుపెట్టి 1922లో పూర్తిచేశారు. నిజాం వేటాడిన అడవి దీని చుట్టూతా ఉంది. ఇప్పుడది అభయారణ్యం, జింకలకు పెంపక కేంద్రం కూడా ఉంది. ఇక రాతికట్ట సంగతి చెప్పుకోవాలి. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాలో కొన్నిచోట్ల ఒక్కరోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. హైవే తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. పోచారం కట్ట మీదుగా వరద దూకింది. కింది ఊళ్లవాళ్లు ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారి చూస్తే పక్కన కోతపడింది గానీ 103 ఏళ్ల కట్ట నిలబడే ఉంది! ఆ తర్వాత చాలామంది దాన్ని చూడ్డానికే వెళ్లారు.

సరే, డేరా సంగతి. ఇక్కడే మొదటి తిరకాసు. అభయారణ్యంలో ఎవరికి వారు రాత్రి మకాం పెట్టడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం లోపలికి వెళ్లడానికే అటవీశాఖ అనుమతి కావాలి, నిప్పు రాజేయడమైతే నేరమే. "ఎవరు చూస్తార్లే" అనుకుని మంట వేసినవాళ్లకు ముందుగా తారసపడేది బీట్ ఆఫీసరే. అందుకని తెలిసినవాళ్లు ఏం చేస్తారంటే, పగలంతా కట్ట మీద గడిపి, అడవికి బయట ఏ రైతునో బతిమాలి ఆయన చేలో గట్టున డేరా వేసుకుంటారు. ఆ ఆసామికి ఓ నాలుగొందలు ఇచ్చినా, ఇవ్వకపోయినా, ఒక్కటి మాత్రం ఉచితంగా దొరుకుతుంది. "అటు పోకండ్రి బిడ్డా, ఆడ పాములుంటయ్" అన్న హెచ్చరిక. అది గూగుల్ మ్యాప్‌లో ఉండదు.

అనుమతి గొడవ వద్దనుకునేవారు ములుగు దగ్గరి లక్నవరానికి వెళ్లొచ్చు. దూరం రెట్టింపు. కాకతీయుల నాటి చెరువు, దీవులు, వేలాడే వంతెన, పర్యాటక శాఖ బసలు అన్నీ ఉన్నాయి. కాకపోతే వారాంతాల్లో గది దొరకాలంటే ముందే బుక్ చేయాలి. శుక్రవారం రాత్రి పుట్టిన ప్రయాణానికి ఆ భాగ్యం ఉండదు.

డేరా వేయడం ఒక విద్య. వీడియోలో అయిదు నిమిషాలు, చేలో గంట. కర్రలు ఒకటి ఎక్కువో ఒకటి తక్కువో అనిపిస్తాయి. మేకులు గులకనేలలో దిగవు. "అటు పట్టుకోరా", "అటంటే ఎటు మామా?" అంటూ నలుగురూ చుట్టూ తిరుగుతుంటే గేదెలు మేపుకునే పిల్లలు నిలబడి నవ్వుతారు. ఎత్తయిన చోటు చూసుకోవాలి, నీటి అంచుకు బాగా ఎడంగా ఉండాలి. ఒంటిచెట్టు కింద వద్దు, పుట్టల పక్కన అసలే వద్దు. డిసెంబరు, జనవరి నెలల్లో మెదక్ చలి మాటలు కాదు, రాత్రి పది డిగ్రీల దగ్గరికి దిగుతుంది. అమ్మ ఇచ్చిన దుప్పటి విలువ తెల్లవారుజామున మూడింటికి తెలుస్తుంది. చలిగా ఉందని బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని జిప్పు వేసేవాళ్లున్నారు. ఆ పొగకు వాసనా ఉండదు, మెలకువా రాదు. కుంపటి ఎప్పుడూ డేరా బయటే.

అన్నీ సర్దుకున్నాక లైటు ఆర్పితే... అదీ అసలు సరుకు! మొదట ఏమీ కనబడదు. కాసేపటికి కళ్లు అలవాటుపడి ఒక్కో చుక్కా బయటికొస్తుంది. కీచురాళ్ల రొద, కప్పల బెకబెకలు, ఎక్కడో కుక్క మొరుగుడు. చెరువులో చేప ఎగిరిపడితే 'టుబుక్'మని చప్పుడు. పొద్దున్నించి ఫోను చూడలేదన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది. ఏళ్లుగా ఒకే గదిలో ఉన్నా చెప్పుకోని కబుర్లు ఆ చీకట్లో బయటపడతాయి. ఒకడు ఉద్యోగం మానేద్దామనుకుంటున్నట్టు చెబుతాడు. ఇంకొకడు వాళ్ల నాన్న ఆరోగ్యం గురించి చెబుతాడు. పులిహోర గిన్నె ఖాళీ అయిపోతుంది.

ఇంత అందమైన ప్రయాణాన్ని పాడుచేసేది దొంగలూ కాదు, పాములూ కాదు. అవి ఉంటాయని అందరికీ తెలుసు కాబట్టి జాగ్రత్తపడతారు. పాడుచేసేది పొద్దున లేచాక వచ్చే ఓ చిన్నమాట. "ఇంత దూరం వచ్చి నీళ్లలో దిగకుండా పోతామారా?"

2025 జనవరి 11. అదీ శనివారమే. సంక్రాంతి సెలవుల హుషారు. ముషీరాబాద్ వైపు నుంచి ఏడుగురు కుర్రాళ్లు బండ్ల మీద కొండపోచమ్మసాగర్‌కు బయల్దేరారు. సిద్దిపేట జిల్లాలో, నగరం నుంచి గంటన్నర దారి. నీటి అంచున ఫొటోలు దిగుతుండగా కాలుజారింది. ఒకరిని పట్టుకోబోయి ఒకరు, వారిని పట్టుకోబోయి మరొకరు లోపలికి వెళ్లారు. ఏడుగురిలో ఇద్దరే ఇల్లు చేరారు. అయిదు ఇళ్లలో ఆ ఏడు పండగ లేదు.

వాళ్లేమీ పోకిరీలు కారు, ఈతపోటీకి దిగినవారూ కారు. ఒడ్డున నిలబడినవారే. మరి ఒడ్డు అంత మోసం ఎలా చేసింది?

ఇది అర్థం కావాలంటే పాత చెరువుకూ కొత్త రిజర్వాయరుకూ తేడా తెలియాలి. పల్లెలో చెరువంటే మూడువైపులా మెల్లగా వాలే నేల, నాలుగోవైపు కట్ట. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే భూమిని శిఖం అంటారు. అక్కడ గేదెలు దిగుతాయి, పిల్లలు దిగుతారు. ముందు పాదం, తర్వాత మోకాలు, ఆ తర్వాత నడుము... లోతు అడుగడుగునా చెబుతుంది. దిగేవాడు ఎక్కడ ఆగాలో వాడి ఒళ్లే చెబుతుంది. లోతంతా కట్ట దగ్గర, తూము దగ్గర ఉంటుంది. అటు వెళ్లొద్దని ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. తూము తెరిచే నీరటికి ఆ చెరువులో ప్రతి గుంతా తెలుసు.

కొండపోచమ్మసాగర్ అలా కాదు. 2020 మే నెలలో నీళ్లు నింపడం మొదలుపెట్టిన ఈ జలాశయం సామర్థ్యం 15 టీఎంసీలు. నూరేళ్ల పోచారం రెండు టీఎంసీలకు లోపే. గోదావరి నీళ్లను మెట్టు మెట్టుగా మోటార్లతో ఎత్తిపోసి, చుట్టూ పదిహేను కిలోమీటర్ల పొడవున మట్టికట్ట పోసి నింపిన పెద్ద తొట్టి అది. అంటే ఎటు నుంచి వెళ్లినా ముందు వచ్చేది కట్టే! శిఖం వైపు నుంచి వచ్చానులే అనుకునే అవకాశం లేదు. కట్టకు లోపలివైపు రాతి రివిట్‌మెంట్ ఏటవాలుగా నీళ్లలోకి దిగిపోతుంది. నీటిమట్టం ఎక్కేదీ దిగేదీ కాబట్టి అంచు రాళ్లకు పాకుడు పడుతుంది. పైన ఎండకు ఎండి గట్టిగా కనిపిస్తుంది, కాలు పెడితే సబ్బుబిళ్ల. రెండడుగులు జారితే నిలువు లోతు. ఆ వాలులో పట్టుకోవడానికి కొమ్మ ఉండదు, వేరు ఉండదు. ఈత వచ్చినవాడికి కూడా ఆ పాకుడు రాళ్ల మీదికి తిరిగి ఎక్కడం కష్టం.

ఒడ్డున మెల్లగా దిగితే మెల్లగా లోతు వస్తుందన్నది తరాల అనుభవం. ఆ అనుభవాన్ని కొత్త నీళ్ల దగ్గరికి తీసుకెళ్తే అది ప్రాణం మీదికి తెస్తుంది. అలాగని పాత చెరువులన్నీ మంచివేం కావు. మట్టి కోసం తవ్విన గుంతలు వాటిలోనూ ఉన్నాయి. నీళ్లు నిండాక పైకి ఏమీ కనిపించదు, మోకాలి లోతులో నడుస్తున్నవాడు ఉన్నట్టుండి మునిగిపోతాడు.

నీళ్లు కింద నుంచి మోసం చేయడం ఒక ఎత్తు, వెనక నుంచి రావడం మరో ఎత్తు. 2014 జూన్ 8, ఆదివారం. హైదరాబాద్ నుంచి హిమాచల్ విహారయాత్రకు వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు మండి జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. నదిలో నీళ్లు పాదాలు తడిపేంతే. పైన లార్జి డ్యామ్ గేట్లు ఎత్తారు. నిమిషాల్లో నది నిండింది. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. కరెంటు తయారుచేసే డ్యామ్ కింద నది తీరు అది. దాని వరద వానను బట్టి రాదు, గేటును బట్టి వస్తుంది. ఆకాశం నీలంగా ఉన్నా నీళ్లు రావచ్చు. అంత దూరం ఎందుకు, మెదక్ పక్కనే ఏడుపాయల ఉంది. పైన సింగూరు గేట్లు ఎత్తితే వనదుర్గమ్మ గుడి ముందు మంజీర ఉరకలేస్తుంది. అందుకే ఎగువ గేట్లు ఎప్పుడు ఎత్తుతారో కనుక్కోకుండా అక్కడివాళ్లు నదిలో అడుగుపెట్టరు.

నీట మునిగి మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే 38 వేల మందికి పైగా చనిపోయారని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క. ఇందులో విహారయాత్రల వాటా చిన్నదే. బావులు, కాలువలు ఎక్కువ మందిని పొట్టన పెట్టుకున్నాయి. కాకపోతే విహారయాత్రలో పోయేవాళ్లు గుంపుగా పోతున్నారు. దానికి కారణం స్నేహమే. ఒకడు మునుగుతుంటే చూస్తూ నిలబడలేక మిగతావాళ్లు దూకుతారు. చేతులు పట్టుకుని గొలుసుకట్టుగా దిగుతారు. భయంలో ఉన్నవాడు దొరికినదాన్ని గట్టిగా కావలించుకుని కిందికి లాగుతాడు. వాడు ప్రాణస్నేహితుడైనా అంతే, తమ్ముడైనా అంతే.

ఇక్కడ సినిమాలు చేసిన చెరుపు కొంత ఉంది. తెరమీద మునిగేవాడు చేతులెత్తి "కాపాడండి, కాపాడండి" అని అరుస్తాడు. హీరో దూకుతాడు, ఒడ్డుకు తెచ్చి పొట్ట నొక్కగానే నోట్లోంచి పిచికారీలా నీళ్లొస్తాయి. నిజంగా మునిగేవాడు అరవలేడు. నోరు నీటి పైకి వచ్చిన క్షణంలో ఊపిరి తీసుకోవడానికే చాలదు, ఇంక కేకెక్కడిది! చప్పుడు లేకుండా, నిలువునా, నిమిషంలోపే అయిపోతుంది. పక్కనున్నవాళ్లు ఆడుకుంటున్నాడనుకుంటారు. ఒడ్డుకు తెచ్చాక పొట్ట నొక్కడం, కాళ్లు పట్టి తిప్పడం వల్ల కాలం వృథా. ఊపిరి ఆడకపోతే నోట్లో నోరు పెట్టి గాలి ఊదడం, గుండె మీద ఒత్తడం వెంటనే మొదలుపెట్టాలి. ఈలోపు ఇంకొకరు 108కో 112కో ఫోన్ చేయాలి. సిగ్నల్ ఉండొద్దని ముచ్చటపడ్డ చోట ఆ ఫోన్ ఎక్కడ నుంచి కలుస్తుందో పగలే చూసి పెట్టుకోవడం ఎందుకో చెప్పక్కర్లేదు.

మరి మునిగేవాడిని వదిలేయాలా? అక్కర్లేదు. 2020 ఆగస్టులో తమిళనాడు పెరంబలూరు జిల్లా కొట్టరై జలాశయంలో నలుగురు కుర్రాళ్లు మునిగిపోతుంటే, అక్కడ బట్టలుతుక్కుంటున్న ముగ్గురు మహిళలు కట్టుకున్న చీరలు విప్పి, ముడివేసి విసిరారు. ఇద్దరు బతికారు. వాళ్లను ఎవరూ ఏ శిబిరంలోనూ శిక్షణకు పంపలేదు. నీళ్ల దగ్గర పుట్టిపెరిగినవారికి ఉండే ఇంగితం అది. చెయ్యి ఇవ్వకూడదు, చీర ఇవ్వాలి. తాడు, తువ్వాలు, చున్నీ, పొడవాటి కర్ర ఏదైనా సరే. మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా విసిరినా మనిషిని తేలుస్తుంది. డేరాతో పాటు ఎలాగూ నైలాన్ తాడు ఉంటుంది. దుప్పట్లు ఆరేయడానికి కట్టేది అదే. నీటి దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం అది సంచిలోనే ఉండిపోతుంది.

ఈత సంగతి కూడా ఇంట్లో ఓసారి మాట్లాడుకోవాల్సిందే. తాతలు వ్యవసాయ బావిలో నేర్చుకున్నారు. నడుముకు బెండు కట్టి పైనుంచి తోసేసేవారు, మూడోరోజుకు బెండు అక్కర్లేకపోయేది. తండ్రులు సెలవుల్లో ఊరెళ్లినప్పుడు సగం సగం నేర్చారు. పిల్లల దగ్గరికొచ్చేసరికి బావీ లేదు, ఊరూ లేదు. పంజాగుట్ట, అమీర్‌పేట అపార్ట్‌మెంట్లలో పిల్లలకు పాటలు, కరాటే, అబాకస్ అన్నీ నేర్పిస్తారు. ఈతకొలనులో చేర్పించడం మాత్రం 'వేసవిలో చూద్దాం' దగ్గర ఆగిపోతుంది. వేసవి వస్తే ఎంసెట్ పేరు మారినా కోచింగ్ ఆగలేదాయె! ఒక మాట మాత్రం మరచిపోకూడదు. కొలనులో నేర్చిన ఈత రిజర్వాయరులో సగానికి సగం చెల్లదు. అక్కడ అంచు పట్టుకోవడానికి గొట్టం ఉంటుంది, కాలికి నేల తగులుతుంది, నీళ్లు పారదర్శకంగా ఉంటాయి. ఇక్కడ ఇవేవీ ఉండవు.

హిమాలయాల్లో చంద్రతాల్ అనే సరస్సు ఉంది. స్పితిలో, పద్నాలుగు వేల అడుగుల ఎత్తున. డబ్బులు కూడబెట్టుకుని అంత దూరం వెళ్లే తెలుగు కుర్రాళ్లకు లోటు లేదు. అక్కడ సరస్సు ఒడ్డున డేరాలు వేయనివ్వరు, అవన్నీ కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. నడిచి వెళ్లి చూసి, నడిచి తిరిగి రావాల్సిందే. నీళ్లు పాడుకాకూడదని పెట్టిన కట్టుబాటది. కానీ దానివల్ల చీకట్లో ఎవరూ నీటి అంచుకు తూలుతూ వెళ్లడం లేదు. సీసాలు వెంట తెచ్చుకునే గుంపులకైతే ఈ దూరం మరీ అవసరం. మన చెరువుల దగ్గర ఆ దూరం ఎవరికి వారే పెట్టుకోవాలి.

కాబట్టి అమ్మలూ, నాన్నలూ! "వద్దు" అంటే వాళ్లు చెప్పకుండా వెళ్తారు. అడిగితే మాత్రం ఫోను తీసి వెతుకుతారు. అది చెరువా, రిజర్వాయరా? కట్ట లోపలివైపు రాయా, మట్టా? పైన డ్యామ్ ఉందా? ఊళ్లో అడగడానికి ఎవరున్నారు? ఈత ఎవరికి వచ్చు, ఎక్కడ నేర్చారు? మొదటిసారి విసుక్కుంటారు. "నువ్వు మరీనమ్మా..." అంటారు. రెండోసారి అడగకముందే చెబుతారు.

అన్నట్టు, డేరా, చలి, పాములు మనవల్ల కాదనుకునే కుటుంబాలు ఒక్కపూటకే పోచారం వెళ్లి రావచ్చు. దానికి చలికాలమే అదను. తలమీద రెండు నల్లచారలున్న బూడిదరంగు బాతులు ఆ రోజుల్లో అక్కడ దిగుతాయి. లడఖ్, టిబెట్, మంగోలియా సరస్సుల ఒడ్డున గుడ్లు పెట్టి, పిల్లలను లేపుకుని, హిమాలయాల మీదుగా ఎగిరి వస్తాయి. ఉత్తరాది సరస్సులకు వెళ్లడానికి సెలవు దొరకనివారి కోసం అక్కడి బాతులే మెదక్ దాకా వస్తున్నాయన్నమాట. ఎండ ఎక్కితే అవి దూరంగా జరిగిపోతాయి, పొద్దుటిపూటే చూడాలి. ఏడింటికల్లా కట్ట మీద ఉండాలంటే పంజాగుట్టలో నాలుగింటికి బయల్దేరాలి. బైనాక్యులర్స్ లేకపోతే పక్కింటివాళ్లను అడగండి, ఫ్లాస్కులో టీ మాత్రం మరచిపోకండి. ఆ వేళ క్రాస్‌రోడ్స్‌లో ఎర్రలైటు దగ్గర నిలబడేది మీ బండి ఒక్కటే!